పంట పండకుండా మిద్దెతోట పెంచడం ఎలా?

మిద్దెతోటకు ఎండతో, చీడతో, కోతులతో ప్రమాదం అనుకుంటారు చాలామంది. అసలు ప్రమాదం పంటతో. ఒక్క సొరపాదు కుదురుకుందంటే చాలు, ఆ ఇంట్లో నెల పొడుగునా సొరకాయ పప్పు, సొరకాయ పులుసు, సొరకాయ పెరుగుపచ్చడి, ఆదివారం సొరకాయ దోసెలు. పిల్లలు కంచం చూసి లేచిపోతారు. మిగిలినవి సంచిలో వేసుకుని అపార్ట్‌మెంటులో తలుపు తలుపూ తట్టాలి. మొదటివారం "అబ్బ, ఇంట్లో పండినవే!" అని రెండు చేతులా అందుకున్నవాళ్లే మూడోవారానికి తలుపు కన్నంలోంచి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోతారు. మీరు మెట్లు దిగాక వాళ్లింట్లో టీవీ మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి తోట ఉండాలి, పంట ఉండకూడదు. తొట్లు ఉండాలి, చిన్న పార ఉండాలి, పెద్ద టోపీ ఉండాలి, సాయంత్రం ఫోటోలు ఉండాలి. కూర మాత్రం రైతుబజారు నుంచే రావాలి. 1999లో ఆ బజార్లను పెట్టింది మనలాంటివాళ్ల కోసమే. ఈ విద్య నేర్చుకోవాలంటే వసంతాన్ని మించిన కాలం లేదు. వానాకాలంలో పారేసిన గింజ కూడా మొలుస్తుంది, దాన్ని ఆపడం మన తరం కాదు. శీతకాలంలో టమాటా మనల్ని అడక్కుండానే కాస్తుంది. వసంతంలోనే మన ప్రయత్నానికి ప్రకృతి సాయం కూడా తోడవుతుంది.

ముందు ముహూర్తం సంగతి. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. అంటే మార్చి నెలాఖరు నుంచి మే నెలాఖరు దాకా, కాస్త అటూఇటూగా. హైదరాబాదులో ఏప్రిల్‌లోనే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పండించే దురుద్దేశం ఉన్నవాళ్లు జనవరి నెలాఖరునో, శివరాత్రికి చలి వెళ్లిపోతూ ఉండగానో బెండ, దోస, బీర, కాకర, గోరుచిక్కుడు గింజలు పెట్టేసుకుంటారు. ఎండలు ముదిరేలోపు వేరు దిగుతుందని వాళ్ల ఎత్తు. మీరు ఆ తొందర పడకండి. ఉగాది పచ్చడి తిని, చేయి కడుక్కుని, మంచిరోజు కదా అని అప్పుడు గింజ పెట్టండి. మొలక రెండాకులు విచ్చేసరికి డాబా గచ్చు చెప్పులు లేకుండా నిలబడనివ్వదు.

ఏం పెట్టాలో తెలియకపోతే విదేశీ వీడియోలు చూడండి. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఒక పెద్దమనిషి గాజు కిటికీ పక్కన మార్చిలో టమాటా గింజలు పెడతాడు, మంచు పోయాక మే నెలలో బయట నాటుతాడు. ఆయనకు అది సరైన లెక్క. మీరూ అక్షరాలా అలాగే చేస్తే, మే నెల నడిమధ్యలో లేత టమాటా నారు ఉప్పల్ డాబా మీదికి చేరుతుంది. ఒకవేళ బతికి పూతకొచ్చినా భయం లేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూలు కాడతో సహా రాలతాయి. మీరు పొద్దున్నే వాటిని చీపురుతో ఊడ్చుకోవడమే.

చిక్కుడు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పాయసం పెట్టేటప్పుడు పందిరి నిండా వేలాడే గుత్తులు చూస్తారు కదా. ఆ ఊపులో ఫిబ్రవరిలోనే పాదు చిక్కుడు గింజలు తెచ్చి నాటండి. ఇంతకన్నా ఖాయమైన పద్ధతి నాకు తెలియదు. మన పాత పందిరి చిక్కుడు రకాలు పగటిపొద్దు కురచైతే తప్ప పూయవు. పొద్దు రోజురోజుకీ పొడుగవుతున్న వేసవిలో తీగ పిట్టగోడ ఎక్కుతుంది, డిష్ యాంటెన్నా ఎక్కుతుంది, పక్కింటివాళ్ల బట్టల తీగ పట్టుకుంటుంది, ఒక్క పువ్వు పూయదు. చూసినవాళ్లు "ఏం పెరిగిందండీ!" అంటారు. ఫోటోకి ఫోటో, కాయ లేదు. విత్తనాల కొట్టువాడు పొద్దుతో పని లేకుండా ఏడాది పొడుగునా కాసే పొట్టి చిక్కుడు రకాలు చూపిస్తాడు. వాటి జోలికి పోకండి.

గింజ పెట్టేటప్పుడు పెద్దగా కష్టపడక్కర్లేదు. కొత్తిమీరకు పోపులడబ్బాలోంచి ఏడాది కిందటి ధనియాలు తీసి, అలాగే గుండ్రంగా, పొడిపొడిగా చల్లండి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. తెలిసినవాళ్లు వాటిని చపాతీ కర్ర కింద మెల్లగా నలిపి బద్దలు చేసి, ఒక పూట నానబెట్టి మరీ చల్లుతారు. అలా చేసినా మొలకకు వారం పది రోజులు పడుతుంది. మీరు నాలుగోరోజే వేలితో తవ్వి "వచ్చిందా లేదా" అని చూడండి. మర్నాడు ఇంకోచోట తవ్వండి. తోటకూర గింజ ఆవగింజలో సగం ఉండదు. దాన్ని ఇసుకలో కలిపి పైపైన చల్లి, పలచగా మట్టి కప్పాలంటారు. మీరు వేలు లోతున పాతిపెట్టండి, అక్కడే ఉంటుంది. బెండ గింజ నేరుగా తొట్టిలోనే పెట్టేది. దాన్ని టీ కప్పులో మొలిపించి, వేరు బాగా సాగాక లాగి నాటితే మీ దారికి వస్తుంది. ఇవన్నీ చేస్తున్నప్పుడు అత్తగారిని మాత్రం డాబా ఎక్కనివ్వకండి. ఆవిడ ఒక్కసారి చూసి, "ఏమ్మా, గింజలు రాత్రి నీళ్లలో వేశావా?" అని అడుగుతారు. అక్కడితో మీ పథకం మొత్తం బయటపడుతుంది.

తొట్టికి అడుగున కన్నం పెడితే మట్టినీళ్లు కారి గచ్చు పాడవుతుంది. అందుకని పెట్టకండి. పెయింటు డబ్బా ఎలా వచ్చిందో అలాగే వాడండి. వేళ్లకు గాలి అందక కుళ్లి, మొక్క దానంతటదే సర్దుకుంటుంది. మట్టి కూడా కొనక్కర్లేదు. పక్కన ఇల్లు కట్టేచోట పునాదిలోంచి తీసిన మట్టిలో సిమెంటు పెళ్లలు, టైల్సు ముక్కలు కలిసే ఉంటాయి. పశువుల ఎరువు, వేపపిండి, కొబ్బరి పొట్టు కలిపితే మట్టి గుల్లబారి తేలికవుతుంది, కనుక మానేయండి.

ఒక్క బరువు విషయంలో మాత్రం నిజం చెబుతున్నాను, నవ్వకండి. మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు ఆగేలా కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అడుగు లోతున తడిమట్టి నింపిన మడి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి మట్టి తేలిగ్గా ఉండాలి, పెద్ద తొట్లు దూలాల మీదుగా, గోడల వెంబడే ఉండాలి. కింద ఉన్నవాళ్లు ఏ పాపమూ ఎరగరు. ఇక మన దారిలోకి వద్దాం.

నీళ్లు. ఈ ఒక్క అధ్యాయం వంటబడితే మిగతావి చదవకపోయినా ఫరవాలేదు.

పండించేవాళ్లు పొద్దున్నే ఏడులోపు, లేకపోతే పొద్దు వాలాక పోస్తారు. మీరు మధ్యాహ్నం భోజనమయ్యాక, రెండింటికి పైకి వెళ్లండి. ఆ వేళకి సొర, దోస, గుమ్మడి ఆకులు గొడుగు మూసినట్టు వాలి ఉంటాయి. నిజానికి మట్టిలో తడి ఉన్నా పెద్దాకు పాదులు ఎండ వేళ అలాగే వాలతాయి. వేళ్లు తోడే నీటికన్నా ఆకులోంచి ఆవిరయ్యేది ఎక్కువ కావడంతో వాటికవే ముడుచుకుంటాయి. సాయంత్రం ఆరింటికి ఎవరూ ఏమీ చేయకుండానే నిటారుగా లేస్తాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, చల్లగా తగిలితే ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి. "అయ్యో, దాహంతో చచ్చిపోతున్నాయి" అని గొట్టం అందుకోండి.

గొట్టం పొద్దుటినుంచి ఎండలో పడి ఉంది కాబట్టి మొదట వచ్చే నీళ్లు టీ పెట్టుకునేంత వేడిగా ఉంటాయి. వాటిని వదిలేయకుండా నేరుగా మొక్క మొదట్లోనే పట్టండి. నల్ల ట్యాంకులో నీళ్లు కూడా ఆ వేళకి తక్కువ తినలేదు. సాయంత్రానికి మొక్క లేవదు. లేవలేదని మళ్లీ పోయండి. రాత్రి పడుకునే ముందు మనసొప్పక ఇంకోసారి పోయండి. మూడోరోజుకి కింది ఆకులు పసుపు పచ్చగా మారతాయి. అది నీళ్లు ఎక్కువైన గుర్తని తెలిసినా తెలియనట్టే ఉండి, బలం చాలలేదని తీర్మానించి ఎరువు దగ్గరికి వెళ్లండి. ప్రేమతో చంపిన మొక్కకు మనమీద కోపం ఉండదు.

తొట్టిలో మట్టి మీద ఎండుటాకులు, గడ్డి, చెరకు పిప్పి పరిస్తే తడి ఆరదు, వేరు చల్లగా ఉంటుంది. అది చూడటానికి చెత్తలా ఉంటుంది కదా, రోజూ ఊడ్చి శుభ్రంగా ఉంచండి. పచ్చరంగు నీడవల కొనండి, తప్పకుండా కొనండి, రసీదు దాచుకోండి. వలని మాత్రం సంచిలోంచి జూన్‌లో తీయండి.

ఎరువు అనగానే యూరియా. అందులో 46 శాతం నత్రజని. పొలంలో ఎకరానికి లెక్క కట్టి వేసేదాన్ని మీరు పన్నెండంగుళాల తొట్టిలో గుప్పెడు వేస్తే ఆకు అంచులు రాత్రికి రాత్రే మాడతాయి. చిటికెడు చిటికెడుగా ఎక్కువసార్లు వేస్తే ఫలితం మరోలా ఉంటుంది. పాదు నల్లగా, బలిసి, దట్టంగా పెరుగుతుంది, కాపు మీద ధ్యాస ఉండదు, లేత చిగుళ్ల కోసం పేనుబంక వెతుక్కుంటూ వస్తుంది. రెండూ మంచి మార్గాలే. ఎవరి అభిరుచి వాళ్లది.

రసాయనాలు వద్దనుకునే సాత్వికులు జీవామృతం చేసుకోవచ్చు. పది కిలోల ఆవుపేడ, అయిదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి, 200 లీటర్ల నీళ్లు. ఇది ఎకరానికి సరిపడే కొలత. మీకున్న తొట్లు పదో పదిహేనో అయినా సరే, కొలత తగ్గించకుండా డ్రమ్ము నిండా కలిపి లిఫ్టు గది పక్కన పెట్టండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అందరూ మీ పేరే తలుచుకుంటారు. మరీ తీరిక లేకపోతే పాలూ పంచదారా కలిసిన టీ పిప్పిని కడక్కుండా తొట్లో వేయండి. చీమలు వస్తాయి. చీమలు వస్తే వాటి పాడి పశువులైన పిండినల్లి, పేనుబంక కూడా వస్తాయి. వాటి తేనెజిగురు తాగి, బదులుగా చీమలు వాటికి కాపలా కాస్తాయి.

ఇంత చేసినా కొన్ని మొండి పాదులు పూతకొస్తాయి. కంగారు పడకండి, పూలే మన ఆఖరి కోట. సొర, బీర, కాకర, దోస, గుమ్మడి అన్నిటికీ మగపూలు, ఆడపూలు వేర్వేరు. మొదటి వారం పది రోజులూ ఎక్కువగా మగవే వస్తాయి. సన్నటి కాడ మీద పువ్వు, దాని వెనక ఏమీ ఉండదు. ఆడపువ్వు మొగ్గగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. సొరపాదుకైతే మొగ్గ కింద బొటనవేలంత బుల్లి సొరకాయ, పైన తెల్లటి నూగుతో, అప్పటికే పూర్తి ఆకారంతో ఉంటుంది. కాకరకైతే ఆ బుల్లికాయ మీద గరుకు బుడిపెలు కూడా కనిపిస్తాయి.

మీరు చేయాల్సిందల్లా "కాయ లేని దొంగపూలు" అని మగపూలన్నీ పొద్దున్నే తుంపేయడం. పుప్పొడి అందని బుల్లికాయ రెండు మూడు రోజుల్లో పసుపెక్కి, ముడుచుకుని రాలిపోతుంది. అప్పుడు దిష్టి తగిలిందని చెప్పి ఒక పాత చెప్పు కట్టండి.

కొందరు చేత్తో పుప్పొడి అంటిస్తారు. మగపువ్వు తెంచి, రేకులు విరిచి, మధ్యలోని పసుపు పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా రాస్తారు. ఒక్క మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పొరపాటున ఇది మీ కంటపడి చేయాలనిపిస్తే, వేళ మార్చి చేయండి. గుమ్మడి, దోస, కాకర పూలు తెల్లవారుజామునో పొద్దున్నో విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి సాయంత్రం వెళ్లండి. సొర తెల్లపువ్వు, బీర పసుపు పువ్వు సందెవేళ విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి మధ్యాహ్నం వెళ్లండి. తేనెటీగలు మీ పని తామే చేసేయకుండా, పొద్దున ఎనిమిదింటికి, అవి తిరిగే వేళకి సరిగ్గా పురుగుమందు కొట్టండి.

మందుల గురించి రెండు ముక్కలు. వేపనూనె లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలంటారు. సబ్బు లేకుండా కలపండి. నూనె పైన తేలి, ముందు నీళ్లే చిమ్ముతాయి, అడుగున మిగిలిన చిక్కటి నూనె చివరి మొక్క మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు కమిలిపోతుంది, ఎండకి మందు సత్తువా పోతుంది. బెండాకు ఈనెలు పసుపు వలలా అల్లుకుంటే అది పల్లాకు తెగులు. వైరస్ కాబట్టి దానికి మందు లేదు, తెల్లదోమ దాన్ని మొక్కనుంచి మొక్కకి మోస్తుంది. తెలిసినవాళ్లు ఆ మొక్కను వెంటనే పీకి, పసుపు జిగురు అట్టలు వేలాడదీస్తారు. మీరు జాలిపడి ఉంచండి. మిగతా బెండమొక్కలకీ అది అందాలి కదా.

కరివేపాకు మొక్క దగ్గర మాత్రం కాసేపు వంగి చూడండి, ఏ దురుద్దేశమూ లేకుండా. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో, తడితడిగా ఏదో ఉంటుంది. నీళ్లు చల్లి కడగబోతే అది కదులుతుంది. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల అది. పిట్టలు తమ రెట్టను తాము తినవు కదా, అదీ దాని ధీమా. కాస్త పెద్దయ్యాక ఆకుపచ్చ అంగీ వేసుకుంటుంది. పుల్లతో తాకితే తలవెనక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటికి తోసి, ఘాటైన వాసన వదులుతుంది. రెండు మూడు పురుగులు చాలు, మూరెడు మొక్క పుల్లలుగా మిగలడానికి. చేత్తో ఏరేస్తే పోయేదానికి, మీరు ఏరకండి. ఈ సలహా మాత్రం నేనూ పాటిస్తాను. కరివేపాకు రైతుబజారులో కొసరు అడిగితే ఇస్తారు.

ఆకుకూరల్లో పెద్దగా చెప్పాల్సింది లేదు. పుదీనాను ఒక్కదాన్నే వేరే తొట్టిలో పెడితే బుద్ధిగా ఉంటుంది. టమాటా, మిర్చి ఉన్న తొట్టిలోనే పెట్టండి, నెలరోజుల్లో ఆ తొట్టికి అదే యజమాని. పాలకూర, మెంతికూర మార్చి ఎండకు కాడ సాగి పూతకొచ్చి చేదెక్కుతాయి, ఆపనక్కర్లేదు. ఎండకాలం తట్టుకునే బచ్చలి, తోటకూర, గోంగూర, పొన్నగంటి పెట్టకుండా ఉంటే సరి.

ఇక్కడ ఒక దొంగ ఉంది, జాగ్రత్త. మీరు గింజ వేయకుండానే, నీళ్లు సరిగా పోయకపోయినా, తొట్టి అంచున ఎర్రటి కాడతో, దళసరి చిన్నాకులతో నేలబారుగా పాకే మొక్క ఒకటి వస్తుంది. గంగవాయిలి కూర. పప్పులో వేస్తే పులుపు సరిపోతుంది, చింతపండు తగ్గించుకోవచ్చు. మండుటెండలో ఇంత నిర్లక్ష్యాన్ని ఓర్చుకునే కూర మరొకటి లేదు. దాన్ని కలుపని పేరుపెట్టి వేళ్లతో సహా పీకి చెత్తబుట్టలో వేయండి. తర్వాత చెప్పులేసుకుని బజారుకెళ్లి, అదే కూర కట్ట బేరమాడి కొనుక్కోండి.

అన్ని జాగ్రత్తలూ దాటుకుని ఏ మూలో ఒక బీరకాయ మిగిలితే, "ఇంకొంచెం పెరగనీ" అంటూ రోజూ చూసి వదిలేయండి. వారానికి పీచవుతుంది, వీపు రుద్దుకోవడానికి పనికొస్తుంది. ముదిరిన కాయ ఒక్కటి పాదు మీద ఉన్నా కొత్త పిందెలు పడటం తగ్గిపోతుంది, అదొక లాభం. గింజలు మాత్రం తీసి దాచకండి, ఎవరైనా అడిగి పట్టుకెళ్తారు.

ఆఖరున వేసవి సెలవులు. మే నెలలో పిల్లల్ని తీసుకుని ఊరు వెళ్తారు కదా. తొట్లన్నిటినీ నీడకు జరపకండి, ఒకచోట దగ్గరగా చేర్చకండి, సీసాలకు చిన్న కన్నాలు పెట్టి బొట్లుబొట్లుగా పడేలా బోర్లించే తెలివితేటలు చూపించకండి. వాచ్‌మన్‌కు చెప్పినా చెప్పకపోయినా ఒకటే, అతనికి ట్యాంకు పని, గేటు పని ఉన్నాయి. మేడమీది తాళంచెవి మాత్రం ఎదురింటి పిన్నిగారికి ఇవ్వకండి. అడిగితే పోయిందని చెప్పండి. ఆవిడ రోజూ పొద్దున ఆరింటికే పైకెక్కి, మట్టిలో వేలుపెట్టి చూసి మరీ నీళ్లు పోసే రకం.